పాత కారుకు కొత్త డోర్ ప్యాడ్లు

కారు కొనువారు ముందుగా చూచునది రంగు. తరువాత ఇంజను శబ్దము విందురు. ఇంకను జాగ్రత్త గలవారు వంగి టైర్లను తట్టి చూతురు. కాని కారులో కూర్చున్నంతసేపును మన చేతికి అన్నిటికంటె దగ్గరగా ఉండునది తలుపు లోపలివైపు పలక. మోచేయి ఆనునది దానిమీదనే. పిల్లలు కాళ్ళతో తన్నునది దానినే. వేసవి మధ్యాహ్నము పొరపాటున చేయి తగిలినచో చుర్రుమనునది కూడ అదియే. ఇంత దగ్గరి చుట్టమును గూర్చి మనము ఎన్నడును ఆలోచింపము. అది ఊడి వ్రేలాడినప్పుడు మాత్రము, "ఏదో ఒకటి వేసి అతికించవయ్యా" అని పనివానితో చెప్పి ఊరకుందుము.

దుకాణములలో ఈ పలకను డోర్ ప్యాడు అందురు. మేమును ఒకప్పుడు దానిని గూర్చి అట్లే "ఏదో ఒకటి" అని చెప్పినవారమే. అట్లు చెప్పి ఏమి పోగొట్టుకొంటిమో, ఆ పిమ్మట ఏమి నేర్చుకొంటిమో ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచితిమి. పాత కారు ఉన్నవారికి ఇది పనికివచ్చును. లేనివారికి కూడ, ఇంటిలో పాత వస్తువు ఏదైనను ఉన్నచో, కొంత పనికిరాకపోదు.

మలక్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలికి పోవు బాట విజయవాడ రహదారి. పూర్వము దీనిని తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి అనెడివారు, ఇప్పుడు అరువదియైదవది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ఈ బాట మీదనే ఆరంభమైనది. పైన రైలు, క్రింద బస్సులు, ప్రక్కన బట్టల అంగళ్ళు, శిక్షణ సంస్థల బోర్డులు. వీటి నడుమ సందులలోనికి తిరిగినచో కారు సీట్లు కుట్టువారు, రేకు సాపుచేయు టింకరింగు పనివారు, రంగు వేయువారు అక్కడక్కడ కనబడుదురు. ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురము ప్రక్కన ఆటోనగర్ ఉన్నది. అక్కడ లారీల పని ఎక్కువ. మా కథ అంతయు ఈ బాటలోనే నడచినది.

మా ఇంటి కారు 1974 నాటి అంబాసిడరు, రెండవ మార్కు బండి. మా తండ్రిగారు దానిని 1986లో వేరొకరియొద్ద కొనిరి. అంబాసిడరు సంగతి చాలమందికి తెలిసినదే. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా తీసికొని, హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దాపున ఉత్తరపారాలో 1950ల చివర దీని తయారీ ప్రారంభించిరి. అర్ధ శతాబ్దమునకు పైగా రూపు పెద్దగా మారకుండనే అది నడచినది. మంత్రులు ఎక్కిరి, డాక్టర్లు ఎక్కిరి, పెండ్లికొడుకులు ఎక్కిరి. 2014 మే నెలలో ఉత్తరపారాలో దాని తయారీ నిలిచిపోయినది.

ఆ కారులో మా తల్లిగారి స్థానము వెనుక సీటు ఎడమవైపు. తండ్రిగారు తామే నడిపెడివారు. నడుపునప్పుడు కుడి మోచేయి తలుపు పలకపై ఆనించుట వారి అలవాటు. ఏండ్ల తరబడి ఆ చేయి ఆనినచోట ముదురు ఎరుపు రెగ్జిను వెలిసి, అరచేతి వెడల్పున ఒక నున్నని మచ్చ ఏర్పడినది. వారు 2011లో గతించిరి. తరువాత కారును మేము నడిపితిమి. ఆ మచ్చను రోజును చూచుచుంటిమి. ప్రత్యేకించి చూచినట్లు మాత్రము జ్ఞాపకము లేదు.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వర్షమును తూర్పు ప్రాంతమువారు మరచియుండరు. సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువ కాలనీలు మునిగినవి. మా వీధి అందులో ఒకటి. తెల్లవారునప్పటికి కారులో సీట్లవరకు నీరు నిలిచియున్నది. ఇంట్లో బియ్యము తడిసినవి, పుస్తకములు తడిసినవి; కారును గూర్చి ఆలోచించుటకే వారము పట్టినది. ఒక మెకానికు ఇంజనును విప్పి, శుభ్రపరచి, మరల నడిపించినాడు. సీట్లు విప్పి మిద్దెపై ఎండబెట్టితిమి. డోర్ ప్యాడ్లు మాత్రము ఎండినకొలదిని చెడినవి. అడుగుభాగము అటుకులవలె ఉబ్బినది. రెగ్జిను లేచి ముడుతలు పడినది. క్లిప్పులు ఊడి పలకలు తలుపులనుండి బయటికి వంగినవి.

ఇట్లు ఎందుకు జరుగునో చెప్పవలెను. ఆ కాలపు కార్లలో ఈ పలక లోపల ఉండునది హార్డ్‌బోర్డు. కొయ్యను నారనారగా చేసి, వేడితోను ఒత్తిడితోను అట్టగా అదిమినదే హార్డ్‌బోర్డు. అమెరికాలో విలియం మేసన్ అను ఆయన 1924లో దీనిని కనుగొనెను. రంపపుమిల్లులలో వృథా అగు కొయ్యముక్కలకు ఒక ఉపయోగము చూపవలెనన్నది ఆయన తలంపు. ఇది చవుక, తేలిక, కావలసిన రూపున కోయుటకు వీలు. దానిపైన రెగ్జిను అంటింతురు. రెగ్జిను అన్నది మొదట ఇంగ్లండులో ఒక కంపెనీ పెట్టుకొన్న వ్యాపారనామము. తోలును పోలునట్లు పూత పూసిన గుడ్డ. మన దేశములో ఆ పేరు ఇప్పుడు ప్లాస్టిక్ పూత గల గుడ్డలన్నిటికిని చెల్లుచున్నది. పైన రెగ్జిను నీటిని ఆపగలదు. లోపలి హార్డ్‌బోర్డుకు మాత్రము వెనుకనుండి తడి సోకినచో, అదిమిన నారలు విడిపోయి ఉబ్బును. ఒకసారి ఉబ్బినది మరల అణగదు.

మేము చేసిన మొదటి పని ఏమనగా, అదే బాటలోని ఒక దుకాణమునకు బండిని అప్పగించుట. దుకాణము పెద్దది; దాని పేరు ఇక్కడ అనవసరము. వారు ఒక పుస్తకము తెచ్చి రంగులు చూపిరి. వజ్రపు గళ్ళవలె కుట్టిన మెత్తని స్పాంజి ప్యాడ్లు మాకు బాగున్నట్లు తోచినవి. "పాతవి ఎందుకు సార్, అన్నీ తీసేసి ఫస్ట్‌క్లాసుగా చేస్తాం" అనిరి. సరే అంటిమి. రెండు దినములలో కారు లోపల పెండ్లి పందిరివలె తయారైనది. పాత పలకలు నాలుగును దుకాణము ముందు తుక్కు కుప్పలో పడియుండగా, వెంట వచ్చిన మా తల్లిగారు అందులో ఒకటి చేతిలోనికి తీసికొని, "బియ్యపు డబ్బామీద మూతకు పనికొస్తుంది" అనిరి. మేము నవ్వితిమి. తక్కిన మూడును తుక్కు బండిలోనికి పోయినవి. తండ్రిగారి మోచేతి మచ్చ ఆ మూడింటిలో ఒకదానిపై ఉన్నదన్న సంగతి ఇంటికి వచ్చి, తలుపు వేసి, చేయి ఆనించినప్పుడు గాని మాకు స్ఫురింపలేదు.

మరునాడు ఉదయముననే పోయి అడిగితిమి. బండి పోయినది. తప్పు వారిది కాదు. వారు మమ్ములను అడిగియే తీసిరి. తప్పు మాది.

2021 వానకాలము వచ్చినది. ఈసారి వరద లేదు, మామూలు వానలే. అయినను ఆషాఢము గడవకముందే కారులో ముక్కవాసన మొదలైనది. కాళ్ళక్రింది కార్పెట్టు తడిగా ఉండెడిది. స్పాంజి క్రిందిభాగమును నొక్కినచో నీరు ఊరెడిది. తలుపు అడుగు అంచున రంగు బుడగలు లేచి, గోటితో గీచినచో తుప్పు రాలినది. గాజు చక్కగా మూసియే యుంచితిమి గదా, నీరు ఎక్కడినుండి వచ్చినదని ఆశ్చర్యపడితిమి.

ఒక తెలిసినవారి సలహాపై దిల్‌సుఖ్‌నగర్ వెనుక సందులో ఒక వృద్ధ కుషన్ మిస్త్రీయొద్దకు పోయితిమి. చిన్న షెడ్డు, కాలితో త్రొక్కు కుట్టుమిషను, గోడకు వ్రేలాడు రెగ్జిను చుట్టలు; అంతే ఆయన ఆస్తి. ఆయన ప్యాడు విప్పలేదు. ముందు వంగి తలుపు అడుగు అంచును వ్రేళ్ళతో తడిమిరి. ఒక చెంబు నీరు తెప్పించి, మూసిన గాజుపైన మెల్లగా పోసిరి. "చూడుండ్రి సార్, నీళ్ళు ఎటు పోతున్నయో" అనిరి. నీరు గాజు మీదుగా జారి, గాజునకు తలుపునకు నడుమ సందులో దిగిపోయినది. బయటికి మాత్రము రాలేదు.

అప్పుడు మాకు ఒక పాఠము తెలిసినది. కారు తలుపు గట్టిపలక కాదు. అది ఒక డొల్ల పెట్టె. గాజు అందులోనికి దిగవలెను గనుక పైన సందు ఉండక తప్పదు. ఆ సందులో రబ్బరు పట్టీ ఎంత బిగువుగా ఉన్నను కొంత నీరు లోపలికి దిగును. తయారుచేసినవారికి ఈ సంగతి తెలియును. నీటిని రానీయకుండుట కాదు, వచ్చిన నీటిని పోనిచ్చుట వారు పెట్టుకొన్న ఏర్పాటు. తలుపు అడుగున చిన్న రంధ్రములు ఉండును. లోపల దిగిన నీరు వాటిగుండ నేల పాలగును. అటు పెట్టెకు, ఇటు మన మోచేయి ఆనించు హార్డ్‌బోర్డుకు నడుమ నీరు అంటని ఒక పలుచని పొరను పరచెదరు. ప్లాస్టిక్ షీటో, మైనపు కాగితమో. దాని క్రింది అంచు తలుపు లోపలికి మడచియుండును. కావున జారిన నీరు షీటుమీదుగా పెట్టెలోనికే పోవును గాని పలకపైకి రాదు.

మాకు పని చేసినవారు ఆ షీటును చింపి పారవేసిరి. తరువాత ప్యాడును స్క్రూలతోను జిగురుతోను బిగించిరి. అడుగు రంధ్రములు వరద ఒండ్రుతో మూసికొనియున్నవి. వాటిని ఎవ్వరును చూడలేదు. దిగిన నీరు పెట్టెలో నిలిచినది. మెత్తని స్పాంజి ఒత్తివలె దానిని పీల్చినది. రేకు లోపలినుండి తుప్పు పట్టినది. కంటికి కనబడు ప్యాడు అందముగా ఉన్నది; దానిని కాపాడవలసినది కనబడదు గనుక పోయినది.

ఇక మిస్త్రీ చేసిన పనిని వరుసగా చెప్పెదము. శ్రోతలలో ఎవరైనను ఇట్టి పని చేయించుకొనదలచినచో ఏమి అడుగవలెనో దీనివలన తెలియగలదు.

మొదట విప్పుట. గాజును ఎత్తి దింపు పిడిని సుత్తితో కొట్టి తీయరాదు. మా బండిలో పిడి మొదటనున్న గుండ్రని బిళ్ళను లోపలికి నొక్కగా, అడ్డముగా దూర్చిన చిన్న మేకు కనబడినది. సన్నని మొనతో దానిని నెట్టగా పిడి చేతికి వచ్చినది. కొన్ని బండ్లలో మేకునకు బదులు స్క్రూ ఉండును. చేయి ఆనించు దిమ్మకు స్క్రూలు వేరు. ఇవన్నియు తీసిన పిమ్మటనే పలక అంచులను కదపవలెను. అసలు పద్ధతిలో పలక అంచు వెంబడి స్ప్రింగు క్లిప్పులు ఉండి తలుపు రేకులోని రంధ్రములలో దిగియుండును. వెడల్పైన చదును పనిముట్టును క్లిప్పునకు సరిగా దగ్గర పెట్టి ఒక్కొక్కటే లేపవలెను. చేతితో పట్టి లాగినచో క్లిప్పు రాదు, హార్డ్‌బోర్డు చిరిగి క్లిప్పు అక్కడనే నిలుచును. విప్పిన స్క్రూలను, పిడులను ఏ తలుపువి ఆ తలుపు డబ్బాలో వేయవలెను. ఆయన నాలుగు పాత టీ పొడి డబ్బాలు వరుసగా పెట్టిరి.

రెండవది తలుపునకు చికిత్స. అడుగు రంధ్రములను తీగెతో పొడిచి ఒండ్రు తీసిరి. తుప్పును గీకి, రెడ్ ఆక్సైడు పూసి ఎండనిచ్చిరి. మరల చెంబు నీరు పోసి, అది క్రిందనుండి ధారగా కారువరకు పని ముందుకు సాగనీయలేదు. ఆ తరువాత మందపాటి పాలిథిన్ షీటు కోసి, అంచులను జిగురు టేపుతో అంటించి, క్రింది అంచును తలుపు లోపలికి మడచిరి.

మూడవది కొలత. ఇక్కడనే మాకు చిక్కు వచ్చినది. "పాత ప్యాడ్లు ఏవి సార్?" అని ఆయన అడిగిరి. పారవేసితిమని చెప్పితిమి. ఆయన మాట్లాడలేదు. కొంతసేపటికి, "పాతది ఎంత కుళ్ళినా పారెయ్యొద్దు. అదే మనకు నక్షా" అనిరి. అప్పుడు మాకు బియ్యపు డబ్బామీది మూత జ్ఞాపకము వచ్చినది.

ఇంటికి పోయి తెచ్చితిమి. అది వెనుక ఎడమ తలుపుది, మా తల్లిగారి వైపుది. అడుగు ఉబ్బియున్నను పైరూపు చెడలేదు. క్లిప్పుల రంధ్రములు, పిడి రంధ్రము అన్నియు ఉన్నవి. ఎడమ పలకను బోర్లించినచో కుడి పలక రూపు వచ్చును గనుక, వెనుక తలుపులు రెండింటికిని ఆ ఒక్కటియే ఆధారమైనది. ముందు తలుపులకు నక్షా లేదు. ఆయన వార్తాపత్రికలను అతికించి పెద్ద కాగితము చేసి, తలుపు రేకుపై పరచి, రంధ్రము ఉన్న ప్రతిచోటను బొటనవ్రేలితో నొక్కి గుర్తు తీసిరి. ఆ కాగితమును అట్టకు ఎత్తి, అట్టను తలుపునకు ఆనించి, దిద్ది, మరల ఆనించి, ముందు పలకలకు ఒకటిన్నర దినము తీసికొనిరి. వెనుక పలకలు ఒక పూటలో తెమలినవి. పారవేసినదాని వెల అప్పుడు మాకు గంటల లెక్కన తెలిసినది.

నాలుగవది చెక్క. మందము ఎక్కువైనచో గట్టిగా ఉండునని మేము అనుకొంటిమి. అది పొరపాటు. క్లిప్పు పొడవు, పిడి తగిలించు ఇరుసు పొడవు పాత మందమునకే లెక్కకట్టి చేసినవి. చెక్క మందమైనచో క్లిప్పు రంధ్రములో పూర్తిగా దిగదు, పిడి బిగియదు. మూడు మిల్లీమీటర్ల దరిదాపున ఉండవలెను. నీటికి ఓర్చు సన్నని మెరైన్ ప్లైవుడ్డును వాడవచ్చును. నూనె పట్టించి గట్టిపరచిన హార్డ్‌బోర్డైనను సరియే. ఏదైనను కోసిన అంచులకు, వెనుకవైపునకు, ప్రతి రంధ్రము లోపలికిని వార్నిష్ పూయవలెను. చెక్క నీరు త్రాగునది ముఖ్యముగా కోసిన అంచునుండియే.

ఐదవది రెగ్జిను. రంగు కుదుర్చుటలో ఆయన ఒక ఉపాయము చూపిరి. పాత పలకపై చేయి ఆనించు దిమ్మ ఉన్నచోట ఎండ తగులదు. దిమ్మ తీసి చూచినచో క్రింద మొదటి రంగు ఉన్నది ఉన్నట్లు కనబడును. బయట వెలిసిన రంగునకు జత చూచువారు మోసపోవుదురు. ఆ ముక్కను నీడలో కాదు, ఎండలోనికి తీసికొనిపోయి రెగ్జిను చుట్టలతో పోల్చిరి. అంటించుటకు వాడునది దుకాణములలో సొల్యూషన్ అని పిలుచు రబ్బరు జిగురు. దానిని చెక్కకును గుడ్డకును రెండింటికిని పూసి, వ్రేలితో తాకినప్పుడు అంటుకొననంతవరకు ఆరనిచ్చి, అప్పుడు నడుమనుండి అంచులకు నొక్కుచు పోవలెను. తొందరపడి తడిగా ఉండగానే అంటించినచో, మన వేసవి ఎండకు లోపల ఆవిరి చేరి బుడగలు లేచును. దీని ఆవిరి త్వరగా అంటుకొనునది. పీల్చుటకును మంచిది కాదు. కావున తలుపులు మూసిన గదిలోను, పొయ్యి దగ్గరను ఈ పని చేయరాదు.

ఈ పని నడుచుచుండగానే, బియ్యపు డబ్బామీది ఆ పాత పలకనుండి రెగ్జినును మెల్లగా ఒలుచునప్పుడు, మిస్త్రీ చేయి ఆగినది. వెనుకవైపు చెక్కపై పెన్సిలుతో ఉర్దూలో రెండు మాటలు వ్రాసియున్నవి. ఆయన చదివి చెప్పిరి: "పీఛే, బాయాఁ." అనగా వెనుక, ఎడమ. దాని క్రింద 1989 అని అంకెలు. "ఇది కంపెనీది కాదు సార్. ఇక్కడి పనే. పని నేర్చినోడే రాసిండు" అనిరి.

ఇంటికి వచ్చి మా తల్లిగారిని అడిగితిమి. వారు కొంచెమాలోచించి, "మీ చిన్నమేనత్త పెళ్ళికి ముందు మీ నాన్నగారు కారంతా బాగుచేయించారు" అనిరి. పదునైదేండ్ల బండిని పెండ్లికి ముస్తాబు చేయించియుందురు. మేము అసలు పలకలు పోగొట్టితిమని ఇంతకాలము బాధపడుచుంటిమి. ఆ పలకలే ఉత్తరపారావి కావు. హైదరాబాదులో ఎవరో పేరు తెలియని మిస్త్రీ కోసి, రంధ్రములు చేసి, ఏది ఎక్కడిదో తరువాతివానికి తెలియుటకై వెనుక వ్రాసి పంపినవి. మోచేతి మచ్చ పడినది అట్టి పలకమీదనే. అది తెలిసిన తరువాత మా విచారము తగ్గలేదు గాని, దాని స్వరూపము మారినది. మేము పోగొట్టినది కర్మాగారపు సరకు కాదు. మా ఇంటి ఏండ్ల వాడకము.

పాత కార్ల విషయములో 'అసలు' అన్న మాటను గూర్చి ప్రపంచములో చాల చర్చ కలదు. పాత వాహనముల సంఘముల అంతర్జాతీయ సమాఖ్య ట్యూరిన్ పేరుతో ఒక నియమపత్రము వెలువరించినది. పాత వాహనమును అద్దమువలె కొత్తగా చేయుట గొప్ప కాదనియు, ఉన్నదానిని నిలుపుట మొదటి కర్తవ్యమనియు దాని సారాంశము. మార్చక తప్పనిచోట, మార్చిన భాగము మార్చినదని తరువాతివారికి తెలియునట్లు గుర్తు పెట్టవలెనని కూడ అది చెప్పుచున్నది. ట్యూరిన్ పెద్దలు తరువాత వ్రాసిన మాటను మన హైదరాబాదు మిస్త్రీ 1989లోనే పెన్సిలుతో ఆచరించినాడు.

మన దేశములో కూడ ఈ విషయమున ఒక నియమము ఏర్పడినది. మొదటి రిజిస్ట్రేషనునుండి యాభై ఏండ్లు దాటిన సొంత వాహనములను వింటేజి వాహనములుగా గుర్తించుటకు కేంద్ర ప్రభుత్వము 2021 జులైలో నిబంధనలు ప్రకటించినది. చాసీస్‌ను గాని, బాడీని గాని, ఇంజనును గాని మార్చక అసలు రూపమున నిలిపియుండవలెను. కొత్తగా నమోదు చేయించుటకు రుసుము ఇరువది వేల రూపాయలు, నంబరులో వి.ఎ. అను అక్షరములు చేరును. అయితే అట్టి వాహనమును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇంధనమునకు తప్ప నిత్యపు పనులకు రోడ్డుపై త్రిప్పరాదు. మా బండికి 2024తో యాభై నిండినవి. మేము ఆ నంబరు కోరలేదు. మా తల్లిగారు గుడికి పోవలెను గదా. పదునైదేండ్లు నిండిన సొంత కార్లకు అయిదేండ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించు మామూలు పద్ధతియే మాకు చాలును.

మన నగరమున చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చాలమంది చూచియుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని తెప్పింపదలచెను. అది చేరకముందే ఆయన 1911లో గతించెను. ఆ కారు నడచినది బహు స్వల్పము. అట్టిదానిని కాపాడుటకు సొమ్ము, నిపుణులు, భవనము ఉన్నవి, ఉండవలసినదే. కాని మన వీధులలో లక్షల మైళ్ళు తిరిగిన అంబాసిడరును, ఫియట్టును, స్టాండర్డ్ హెరాల్డును కాపాడునది మ్యూజియము కాదు. సందులోని కుట్టుమిషను, పెన్సిలు, నాలుగు టీ పొడి డబ్బాలు.

ఆ చేతులు ఇప్పుడు తగ్గుచున్నవి. ఈనాటి కార్లలో డోర్ ప్యాడు హార్డ్‌బోర్డు కాదు, అచ్చులో పోసిన ప్లాస్టిక్. విరిగినచో అదే అచ్చులోనిది మరియొకటి తెచ్చి తగిలింతురు. అందులో తప్పు లేదు. కాని అచ్చు నిలిచిపోయిన బండికి, కాగితము పరచి బొటనవ్రేలితో రంధ్రమును వెదకు మనిషి కావలెను. "మీ పని ఎవరికైనా నేర్పినారా?" అని మిస్త్రీని అడిగితిమి. "కొడుకు ఏసీ పని నేర్చిండు సార్. మంచిదే, నీడపట్టున ఉంటడు" అనిరి. అందులో ఫిర్యాదు లేదు. మేము మరల అడుగలేదు.

కావున పాత కారు గల కుటుంబములకు మా మనవి ఇది. పలక విప్పించునప్పుడు దగ్గర నిలువుడు. పాతదానిని, అది ఎంత పాడైనను, ఇంటికి తెచ్చుకొనుడు. కొత్తది అమరి ఒక వానకాలము గడచువరకైనను ఉంచుడు. వెనుకనున్న షీటు ఏమైనదని అడుగుడు. తలుపు అడుగు రంధ్రములు చూపించుమనుడు. ఒక చెంబు నీరు పోసి, అది క్రిందనుండి కారుట కండ్లతో చూచిన తరువాతనే డబ్బు చెల్లించుడు. పుస్తకములో రంగులు చూపువారు చెడ్డవారని కాదు. మనము అడిగినదే వారు చేయుదురు. మనము అడుగునది కనబడు భాగమును మాత్రమే గదా.

2022 వేసవిలో మా బండి పని ముగిసినది. కొత్త పలకలు ముదురు ఎరుపు రెగ్జినువి, సాదావి. గళ్ళు లేవు, స్పాంజి లేదు. ఆ తరువాతి వానకాలములో కార్పెట్టు తడియలేదు, ముక్కవాసన రాలేదు. బిగించుటకు ముందు మిస్త్రీ నాలుగు పలకలను బోర్లించి, చెవిపైనున్న పెన్సిలు తీసి, ముందు వెనుక, కుడి ఎడమ గుర్తులు ఉర్దూలో వ్రాసి, క్రింద 2022 అని అంకెలు వేసిరి. మా కోరికపై ప్రక్కనే తెలుగులో మేమును వ్రాసితిమి. 1989 నాటి పలక మరల బియ్యపు డబ్బామీదికి పోయినది. దానిని తీసివేయుటకు మా తల్లిగారు ఒప్పుకొనలేదు.

కుడివైపు ముందు పలకపై మేము ఇప్పుడు మోచేయి ఆనించుచున్నాము. అక్కడ రెగ్జిను ఇంకను కొత్తగానే ఉన్నది.